కాన్వెంటు బడిలో దయాపాఠం

కాన్వెంటు అనే మాటకు అసలు అర్థం మఠకన్యలు నివసించే మఠం. మన వాడుకలో ఆ అర్థం ఎప్పుడో జారిపోయింది. సోమందేపల్లె నుంచి హిందూపురం దాకా, పెనుకొండ నుంచి ధర్మవరం దాకా పొద్దున్నే పసుపుపచ్చ వ్యానులు దుమ్ము రేపుకుంటూ పోతుంటే, "పిల్లోడు కాన్వెంటుకు పోతాండాడు" అంటారు జనం. ఆ బడిలో మఠకన్య వుండనక్కరలేదు, శిలువ వుండనక్కరలేదు. ఫీజూ, ఇంగ్లీషూ, మెడలో టై, కాళ్లకు బూట్లూ వుంటే చాలు. దీనుల సేవకోసం పుట్టామని చెప్పుకునే ఒక సంస్థ పేరు మన భాషలో ఫీజుకు పర్యాయపదమై కూర్చున్నదంటే, అది భాషాశాస్త్రజ్ఞులు మాత్రమే చర్చించుకోవలసిన విశేషం కాదు. జనం మాటలను వూరికే మార్చరు. తాము చూసినదాన్నిబట్టి మారుస్తారు.

అసలు కాన్వెంటులలో, అనగా కథోలిక సభ నడిపే ప్రాథమిక పాఠశాలలలో, చిన్నపిల్లలకు చెప్పే ఒక పాఠాన్ని గురించి ఇక్కడ విచారించదలచాను. ఆ పాఠం పేదలయెడ దయ.

ఈ పాఠం ఎట్లా చెబుతారో తెలియనివారికి రెండు మాటలు. కథోలిక కుటుంబాల పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి సత్యోపదేశం చెబుతారు. అదే గంటలో మిగిలిన పిల్లలకు, అంటే బడిలో అత్యధిక సంఖ్యాకులకు, మోరల్ సైన్సు చెబుతారు. రెండు గదులకూ ఉమ్మడిగా వుండే పాఠం ఇదొక్కటే. ఈస్టరు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో తరగతికొక అట్టపెట్టె వస్తుంది. చాక్లెట్టు మానుకొని ఆ డబ్బు పెట్టెలో వేయమంటారు. క్రిస్మసుకు ముందు పాతబట్టలు తెమ్మంటారు. ఏడాదికొకసారి వృద్ధాశ్రమానికో అనాథాశ్రమానికో తీసుకుపోయి, పండ్లు పంచి, పాట పాడించి, ఫొటో తీసి వెనక్కు తీసుకువస్తారు. ఆ ఫొటో బడి వార్షిక సంచికలో అచ్చవుతుంది. పెట్టెలో ఎక్కువ డబ్బు వేసిన తరగతికి ప్రార్థన సమయంలో చప్పట్లు.

ఈ పాఠం చెప్పే మఠకన్యల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. వారిలో చాలామంది పేద ఇళ్లనుంచి వచ్చినవారే. తమకంటూ జీతం మిగుల్చుకోనివారే. అయిదేళ్ల పిల్లకు పంచుకొని తినడం నేర్పడంలో తప్పేమున్నదని అడిగితే, ఏమీ లేదు. కాని ఆ తరగతి గదిలో ఒక్కసారి తల తిప్పి చూడండి. దయ చూపవలసినవారందరూ బెంచీలమీద వున్నారు. ఎవరిమీద దయ చూపాలో వాళ్లు మాత్రం అక్కడ లేరు. వాళ్లు బొమ్మలో వున్నారు, పెట్టెమీద వున్నారు, వ్యాను కిటికీలోంచి కనిపించే దుమ్ములో వున్నారు. పేదవాణ్ణి బయట వుంచి పేదవాణ్ణి గురించి చెప్పే పాఠం ఇది. నా ఫిర్యాదు మొత్తం ఈ ఒక్క విషయంమీదనే.

ఈ పెట్టెకు పెద్ద చరిత్ర వున్నది. 1843లో ఫ్రాన్సు దేశంలో నాన్సీ మేత్రాణులు షార్ల్ ద ఫోర్బిన్-జాన్సన్ "పవిత్ర బాల్య సంఘం" అనే సంస్థను స్థాపించాడు. ఫ్రెంచి పిల్లలు నెలకొక చిన్న నాణెం ఇస్తే, ఆ డబ్బుతో చీనాదేశంలో పారవేయబడిన పసికందులను రక్షించి, జ్ఞానస్నానమిచ్చి పెంచాలని దాని ఉద్దేశం. 1922లో అది పోపు ప్రత్యక్ష ఆధిపత్యం కిందికి వచ్చింది. అమెరికాలో 1950లలో కూడా కథోలిక బడిపిల్లలు డాలర్లు పోగుచేసి ఒక "అన్యమత శిశువు"ను కొనుక్కునేవాళ్లు. కొనడమనే మాట నేను ఎగతాళికి వాడలేదు. పిల్లల భాషలో అది కొనడమే. అయిదు డాలర్లు నిండగానే తరగతికి ఒక యోగ్యతాపత్రం వచ్చేది. ఎక్కడో వున్న ఆ శిశువుకు పేరు పెట్టే హక్కు తరగతికి దొరికేది. స్పెయిన్‌లో ఫ్రాంకో కాలపు పిల్లలు మిషను ఆదివారంనాడు వీధుల్లో చందా వసూలు చేసిన డబ్బాలు మనుషుల తలల ఆకారంలో వుండేవి. ఒకటి చీనావాడి తల, ఒకటి నల్లవాడి తల, మరొకటి ఇండియనుడి తల. నెత్తిమీద చీలిక. అందులో నాణెం వేయాలి.

దయను నేర్పడంలో ఇంతకంటె సూటిగా మనసు బయటపెట్టుకున్న వస్తువు ఇంకొకటి వుంటుందా? తల వున్నది, నోరు లేదు. వున్నా అది మాట్లాడదు. డబ్బు వేయడానికి మాత్రం చోటున్నది. ఆ తలలు ఇప్పుడు పాతవస్తువుల దుకాణాలకూ ప్రదర్శనశాలలకూ చేరాయి. ఐరోపావాళ్లు వాటిని చూసి సిగ్గుపడుతున్నారు. ఒక శతాబ్దానికి పైగా ఆ పెట్టెమీది బొమ్మ మనం. ఇవాళ మన పట్టణాల్లోని వుద్యోగుల, వ్యాపారుల, కాంట్రాక్టర్ల పిల్లలు ఆ పెట్టెను చేత పట్టుకున్నారు. పెట్టె చేతులు మారింది. మీద అతికించిన బొమ్మ మాత్రం ఈ వూళ్లదే, సోమందేపల్లె చుట్టుపక్కల పల్లెలలో సుగ్గికి పోయిన కుటుంబాల పిల్లలదే.

ఈ మాట మిగతా జిల్లాలకంటె అనంతపురం సీమకు ఎక్కువ తెలుసు. విన్సెంట్ ఫెర్రర్ కథ ఇక్కడిది. 1920లో బార్సెలోనాలో పుట్టిన ఆయన యేసుసభలో చేరి 1952లో ఇండియాకు వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడులో రైతులచేత బావులు తవ్వించాడు. తవ్వుకునే కాలానికి గోధుమలూ నూనే ఇచ్చి, బావి మాత్రం రైతుదే అన్నాడు. వేలమంది చుట్టూ చేరారు. స్థానికంగా పెత్తనం చేసేవారికి అది కంటగింపయింది. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. ఆయనకోసం వేలాది రైతులు మన్మాడునుంచి బొంబాయికి నడిచారు. తిరిగి వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ చోటిచ్చింది. 1969లో అనంతపురం చేరాడు. మరుసటి సంవత్సరం యేసుసభను వదిలి, ఇంగ్లీషు పాత్రికేయురాలు ఆన్ పెర్రీని వివాహం చేసుకున్నాడు. 2009లో మరణించేదాకా ఈ కరువుసీమలోనే వున్నాడు. ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ దళితవాడల్లో కట్టిన ఇళ్లూ, బత్తలపల్లి ఆసుపత్రీ, సాయంత్రం బడులూ అనంతపురం వాసులకు నేను చెప్పనక్కరలేదు.

ఈ కథలో గమనించవలసింది ఒకటున్నది. సభలో వున్నంతకాలం ఆయనకు ముప్పు తెచ్చిపెట్టింది దయ కాదు, బావి. గంజి పోసిన ఫాదరును దేశం విడిచి పొమ్మని ఎవరూ అనలేదు. నీళ్లు ఎవరివో మార్చబోయినవాణ్ణే అన్నారు. అట్లని ఆయన సంస్థ పెట్టెనుంచి పూర్తిగా బయటపడిందనీ అనలేను. స్పెయిన్‌లో ఒక కుటుంబం ఇక్కడి ఒక పిల్లకు "పోషకులు"గా వుంటుంది, పిల్ల బొమ్మ అక్కడికి పోతుంది, పిల్ల వుత్తరం రాస్తుంది. ఆ డబ్బు ఈ పల్లెల్లో చేసిన మేలు చిన్నది కాదు. అయినా, ఏనాడూ చూడని మనిషికి తన ఆనందాన్ని ఏటేటా వుత్తరంలో రాసి పంపవలసిన పిల్లకు ఏమనిపిస్తుందో, ఆ పిల్లలే పెద్దవాళ్లై రాయవలసివున్నది. మన కథాసాహిత్యంలో ఆ కథ నాకు కనపడలేదు. రాయగలవారు ఈ జిల్లాలో లేకపోలేదు.

మళ్లీ పాఠంలోకి వస్తాను. దయాపాఠానికి ఆధారంగా పిల్లలకు మంచి సమరయుని కథ చెబుతారు. దారిలో దొంగలు ఒకణ్ణి కొట్టి పడవేస్తారు. యాజకుడు చూసి పక్కనుంచి పోతాడు. ఆలయసేవకుడైన లేవీయుడూ అంతే. సమరయుడు ఆగి, గాయాలు కట్టి, పూటకూళ్లింటికి చేర్చి, ఖర్చు పెట్టుకుంటాడు. కథ పూర్తికాగానే, "మీరూ సమరయునిలా వుండాలి" అంటారు. పిల్లలు సరేనంటారు. నేను కథోలికుణ్ణి కాను గాని, కథ చదవడం తెలిసినవాణ్ణి. ఈ కథలో సమరయుడు ఎవరు? యూదులు ఈసడించుకున్న జాతివాడు. మన దేశంలో చెప్పాలంటే వెలివాడవాడు. గుడివాళ్లూ, చదువుకున్నవాళ్లూ, గౌరవనీయులూ పక్కనుంచి పోయారు. వెలివాడవాడు ఆగాడు. అంటే ఈ కథలో పెద్దింటి పిల్లవాడికి కేటాయించిన పాత్ర యాజకుడిది. ఆ పిల్లవాణ్ణి తీసుకుపోయి సమరయుని స్థానంలో కూర్చోబెట్టి, వెలివాడవాణ్ణి దెబ్బలు తిని పడివున్నవాడి స్థానంలో పడుకోబెట్టారు. కథ తలకిందులయింది. చెప్పినవాడు ఏ వర్గాన్ని గుచ్చడానికి ఆ కథ చెప్పాడో, ఆ వర్గాన్నే నిమరడానికి అది ఉపయోగపడుతున్నది.

ఇంకొక సంగతి. ఆ కథలో దొంగలున్నారు. మోరల్ సైన్సు పుస్తకంలో ఆ దొంగలు ఎవరని ఏ ప్రశ్నా వుండదు.

మన భాషలో బిచ్చమెత్తేవాడు కూడా తెలివిగలవాడు. "ధర్మం చెయ్యండి బాబూ" అంటాడు. నీకు జాలి కలిగితే వేయమనడం లేదు, నీ విధి నీవు చేయమంటున్నాడు. ధర్మమనే మాటలో న్యాయమూ వున్నది, దానమూ వున్నది. మన పూర్వులు ఆ రెంటినీ కలిపి పేదవాణ్ణి మోసం చేశారనవచ్చును. ఆ వాదం వేరు. కాని వీధిలో నిలబడ్డవాడు అడిగేది హక్కు, బడిలో పిల్లలకు నేర్పేది జాలి. కథోలిక సభకు ఈ తేడా తెలియదనడానికి వీలులేదు. 1891లో పోపు పదమూడవ లియో కార్మికుల పరిస్థితిమీద లేఖ రాసినప్పటినుంచీ ఈ చర్చ సభలో నడుస్తూనే వున్నది. రెండవ వాటికన్ మహాసభ 1965లో సామాన్య విశ్వాసుల సేవనుగురించి వెలువరించిన పత్రంలో, న్యాయంగా బాకీపడినదాన్ని దానమన్నట్లు ఇవ్వకూడదనీ, దుస్థితి ఫలితాలనే కాక దాని కారణాలను తొలగించాలనీ స్పష్టంగానే చెప్పారు. ఆ పత్రం వచ్చి అరవై ఏళ్లు దాటింది. ఒకటో తరగతి అట్టపెట్టెదాకా మాత్రం రాలేదు.

"ఎనిమిదేళ్ల పిల్లలకు కారణాలేం అర్థమవుతాయండీ? ముందు మనసు మెత్తబడనివ్వండి, పెద్దయినాక అవే తెలుస్తాయి" అంటారు. ఈ సమాధానం విన్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. ఎవరికి అర్థం కావు? సోమందేపల్లెలో మగ్గం గుంతపక్కన కూర్చుని ఆసులు తోడే పిల్లకు, నూలు ఎవరిదో, చీర ఎవరిదో, కూలి ఎవరు కోస్తారో అర్థం కాదా? వానకోసం మే, జూన్ నెలల్లో ఆకాశంవంక చూసే ఇంటి పిల్లవాడికి వేరుశెనగ విత్తనాలకు తెచ్చిన అప్పు ఏమిటో తెలియదా? బెంగుళూరుకు పనికిపోయిన తల్లిదండ్రులు నాలుగునెలలు రాకపోతే, అవ్వదగ్గర సంగటి తిని పెరిగే పిల్లకు వలస అనే మాట ఏ పాఠ్యపుస్తకం నేర్పాలి? తెలియనిది ఒక్క తరగతి పిల్లలకే. తెలియనవసరం లేనివాళ్లకే. వాళ్లకు తెలియజెప్పడమే బడి పని.

దానికి మోరల్ సైన్సు కూడా అక్కరలేదు, లెక్కల గంట చాలు. ఏటా సగటున అయిదువందల యాభై మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన మరో జిల్లాలో లేదని ఏళ్లతరబడి చెప్పుకుంటున్నాం. ఇట్లాంటి నేలలో, జిల్లాలు విడిపోకముందు, ఒక దశలో ఏడులక్షల హెక్టార్లకు మించి ఒకే పంట వేరుశెనగ వేయించారు. ఎవరు వేయించారు? నూనె గిరాకీ, బ్యాంకు అప్పు, బీమా నిబంధన, సబ్సిడీ విత్తనం. రాగి, కొర్ర, సజ్జ పోయాయి. ఇప్పుడు మూడో తరగతి పిల్లలకు ఇట్లా లెక్క ఇవ్వండి: ఎకరా విత్తనానికి ఇంత, దున్నకానికి ఇంత, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంత, వాన ఆగస్టులో నలభైరోజులు పడలేదు, కాయ ఇన్ని బస్తాలు, వ్యాపారి ఇచ్చిన ధర ఇంత. రైతుకు మిగిలినదెంత? ఆ పిల్లలు ఎవరి ప్రేరణా లేకుండానే తలెత్తి, "టీచర్, తక్కువొచ్చింది" అంటారు. ఆ తక్కువ వచ్చిన అంకెనుంచి పుట్టే దయ వేరు. అది చాక్లెట్టు మానుకోవడంతో చల్లారదు.

చరిత్ర గంటలోనూ చెప్పవచ్చును. ధాత కరువులో, అంటే 1876-78లో, ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో వుండేది. సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర 1877లో వచ్చి, కరువు పనిలో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ, ఒక అణా చాలునని తగ్గించాడు. అదే కాలంలో ఇండియా గోధుమలు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే వున్నవి. దాన్నీ ప్రభుత్వం సహాయమనే పిలిచింది.

ఇక అసలు బెంచీ విషయం. కథోలిక సభ తెలుగుదేశంలో ఒకటికాదు, రెండురకాల బడులు నడిపింది. ఒకటి ఆర్.సి.ఎం. బడి. కోస్తాలోనూ కర్నూలు వైపునా మాలపల్లెలకూ మాదిగపల్లెలకూ అక్షరం తీసుకుపోయినవాటిలో ఆ పెంకుటిళ్ల బడులున్నాయి. ఒకే పంతులు, ఆదివారం ఉపదేశి, సోమవారం ఉపాధ్యాయుడు. ఆ బడిలో దయాపాఠం ఎవరూ చెప్పలేదు. అవసరం రాలేదు. అందరూ పేదలే. రెండోది పట్టణంలో ఇంగ్లీషు కాన్వెంటు. మొదటిదానికి సర్కారు ఎయిడ్ ఆధారం. ఆ పోస్టులు ఖాళీ అయితే భర్తీకాకుండా ఏళ్లు గడిచాయి. 2021లో రాష్ట్రప్రభుత్వం ఎయిడెడ్ ఉపాధ్యాయులను తమకు అప్పగించమని ఒత్తిడిచేసినప్పుడు ఎన్నో యాజమాన్యాలు తలవంచాయి. పిల్లలూ తల్లిదండ్రులూ వీధికెక్కి గోలచేస్తే, అది ఐచ్ఛికమేనని ప్రభుత్వం వెనక్కు తగ్గింది. ఇందులో మొదటి దోషం ప్రభుత్వానిదే, సందేహం లేదు. కాని మేత్రాసనాలు తమ కాన్వెంటు భవనంమీద అంతస్తు వేయడానికి చూపిన పట్టుదల, తమ పల్లెబడి కూలకుండా కాచుకోవడంలో చూపాయా? పేదపిల్లలున్న బడి ఎండిపోతూంటే, పేదపిల్లలు లేని బడిలో దయాపాఠం పచ్చగా పెరుగుతున్నది.

"కాన్వెంటు ఫీజుతోనే గదండీ పల్లెల్లో సేవ చేస్తున్నాం" అని ఫాదర్లు అంటారు. కొన్నిచోట్ల అది నిజం కూడా. అయితే లెక్క చూపించండి. చూపించినా నా ప్రశ్న పోదు. డబ్బు ఈ బడినుంచి ఆ వాడకు ప్రయాణం చేస్తున్నది. పిల్లలెందుకు ప్రయాణం చేయరాదు?

చట్టం ఈ ప్రశ్ననే అడిగింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులలో ఒకటో తరగతిలో నూటికి ఇరవైఐదు స్థానాలు బలహీనవర్గాల, నిరాదరణకు గురైన పిల్లలకు ఇవ్వాలన్నది. మన రాష్ట్రంలో ఆ నిబంధన 2022-23 విద్యాసంవత్సరంనుంచి గాని కదలలేదు. ఇంతలో 2014 మే 6న సుప్రీంకోర్టు, ప్రమతి ట్రస్టు కేసులో, అల్పసంఖ్యాక వర్గాల బడులకు ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అల్పసంఖ్యాకులకు రాజ్యాంగమిచ్చిన హక్కును కాపాడడం అవసరమే. ఈ దేశంలో ఇవాళ అది మరీ అవసరం. కాని ఫలితం చూడండి. పేదపిల్లను పక్క బెంచీమీద కూర్చోబెట్టాలనే బాధ్యతనుంచి, పేదలమీద దయ అందరికంటె శ్రద్ధగా బోధించే బడులు మినహాయింపు పొందాయి. ఎవరైనా కథగా రాస్తే వ్యంగ్యం మోతాదు మించిందని సంపాదకులు తిప్పిపంపేవారు.

జాతీయ బాలల హక్కుల సంరక్షణ కమిషను 2021లో ఒక నివేదిక ప్రకటించింది. అల్పసంఖ్యాకుల బడులన్నిటా కలిపి సాంఘికంగా, ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు నూటికి 8.76 మందే అనీ, క్రైస్తవ బడులలో నూటికి 74 మంది క్రైస్తవేతరులే అనీ అందులో వున్నది. ఆ నివేదిక పేదపిల్లలమీద ప్రేమతో రాయబడిందని నేను భ్రమపడడం లేదు. మతబడులమీద కత్తి నూరేవారికి అది అక్కరకు వచ్చింది. వాళ్లకూ మనకూ ఒక్కటే తేడా, కాని చిన్న తేడా కాదు. వాళ్లు ఆ బడుల తలుపులు మూయించాలనుకుంటున్నారు. మనం తెరవమంటున్నాం. చర్చిలమీద రాళ్లు పడుతున్న కాలంలో ఈ విమర్శ ఎందుకని మిత్రులు కొందరు అడుగుతారు. వెలివాడ పిల్లతో నిండిన బడిని కాపాడుకోవడానికి వెలివాడ లేచి వస్తుంది. ఫీజు కట్టినవాళ్లు వస్తారా? ఆపద వచ్చిననాడు వాళ్లు టీసీ తీసుకొని ఇంకో కాన్వెంటులో చేరుస్తారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రమతి తీర్పుమీద సందేహం వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

తీర్పుకోసం ఎదురుచూడకుండా చేసినవారు సభలోనే వున్నారు. కలకత్తా సియాల్దాలో లొరెటో డే స్కూలు ఫీజు కట్టే ఆడపిల్లల బడి. 1979లో సిస్టర్ సిరిల్ మూనీ అనే ఐర్లండు మఠకన్య ప్రధానోపాధ్యాయురాలై వచ్చి, ఫీజు కట్టలేని పిల్లల సంఖ్యను పెంచుతూ పోయి, చివరికి దాదాపు సగం చేసింది. రైల్వేస్టేషను పక్కన, పేవుమెంటుమీద బతికే పిల్లలు ఏ గంటకు వస్తే ఆ గంటకు లోపలికి రావచ్చునన్నది. వాళ్లకు చదువు చెప్పేది ఎవరు? పై తరగతుల పిల్లలే, ఒక్కొక్కరికి ఒక్కొక్కరు, బడి కాలపట్టికలో భాగంగానే. భవనంపై అంతస్తులో వాళ్లు రాత్రి పడుకోవడానికీ చోటిచ్చింది. ఆమె 2023లో మరణించింది. ఆ బడిలో దయ నేర్పలేదనలేం. కాని అక్కడ దయకు పేరున్నది, ముఖమున్నది, తప్పుచేస్తే తిరిగి కొట్టే చెయ్యి కూడా వున్నది. బొమ్మ మనల్ని కొట్టదు. పక్క బెంచీ పిల్ల కొడుతుంది. స్నేహం అట్లా మొదలవుతుంది.

ఇటలీలో డాన్ లొరెంజో మిలానీ అనే ఫాదరును 1954లో పై అధికారులు కొండల్లోని బార్బియానా అనే చిన్న పల్లెకు, దాదాపు శిక్షగా, పంపారు. బడి తరిమేసిన రైతు పిల్లలను చేరదీసి పొద్దుటినుంచి రాత్రిదాకా చదివించాడు. ఆయన శిష్యులు ఎనిమిదిమంది కలిసి 1967లో ఒక పంతులమ్మకు లేఖరూపంలో పుస్తకం రాశారు. పేదపిల్లలను తప్పించి పెద్దింటి పిల్లలను పాసుచేసే బడిని అంకెలతో, పట్టికలతో నిలదీశారు. దయ చూపమని అందులో ఎక్కడా అడగలేదు. ఎనిమిదేళ్ల పిల్లలకు కారణాలు అర్థం కావనేవారు ఆ పుస్తకం తెరవాలి. పసితనంలో ఆ బడిలో చేరి కారణాలు నేర్చుకున్న పశువుల కాపరుల పిల్లలు రాసిన పుస్తకం అది.

మన దగ్గర పేదరికానికి కులం తోడున్నది. ఈ మాట మోరల్ సైన్సు పుస్తకంలో రాదు. 18వ శతాబ్దిలో ఫ్రెంచి యేసుసభ గురువులు ఈ సీమల్లో కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసుల్లా తిరిగి పై కులాలవారిని వెతుక్కున్న కాలంనుంచీ సభలోకి కులం కూడా జ్ఞానస్నానం పుచ్చుకొని వచ్చింది. భారత కథోలిక మేత్రాణుల సమాఖ్య తన లోపల అంటరానితనం వున్నదని 2016 డిసెంబరులో విధానపత్రం ద్వారా ఒప్పుకున్నది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల వుంచింది. మన రాష్ట్రంలో బి.సి. సి గ్రూపులో నూటికి ఒకటి వాటా ఇచ్చారు. కర్నూలు జిల్లాలో పుట్టి, అనంతపురం కూడా తన పరిధిలో వున్న కర్నూలు మేత్రాసనానికి 2008నుంచి అధిపతిగా పనిచేసిన పూల అంతోని 2022 ఆగస్టులో కార్డినలయ్యాడు. తెలుగువారిలో మొదటివాడు, దళితులలో మొదటివాడు. పేదరికంవల్ల చదువు ఆపేసిన పిల్లవాణ్ణి మిషనరీలు తీసుకుపోయి చదివించడంవల్ల ఆయన అక్కడిదాకా వెళ్లాడు. ఆ పిల్లవాడికి కావలసివచ్చింది చాక్లెట్టు డబ్బు కాదు, బడిలో చోటు.

ఒక పేరు చెప్పి ముగింపు మాటకు వస్తాను. యేసుసభ ఫాదరు స్టాన్ స్వామి జార్ఖండు ఆదివాసుల భూమి గురించీ, విచారణ లేకుండా జైళ్లలో మగ్గేవారిగురించీ మాట్లాడాడు. 2020 అక్టోబరులో ఎనభైమూడేళ్ల వయస్సులో అరెస్టయి, 2021 జూలై 5న నిర్బంధంలోనే మరణించాడు. వణికే చేతులతో నీళ్లు తాగడానికి గొట్టం కావాలని కోర్టును అడుక్కోవలసివచ్చింది. పిల్లలకు పేదలయెడ ప్రేమను బోధించదలచినవారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు. ఎన్ని కాన్వెంటులలో ఆయన పటం ప్రార్థన మందిరంలో కాక తరగతి గదిలో వున్నది? ఆయన ఎందుకు చనిపోయాడని పిల్లవాడు అడిగితే టీచరు ఏం చెప్పవలసివస్తుందో యాజమాన్యానికి తెలుసు. అందుకే అట్టపెట్టె సుఖం.

బడులు జూన్‌లో తెరుస్తారు. అంతకుముందే దరఖాస్తులు మొదలవుతాయి. మేత్రాసనాలనూ, మఠాల యాజమాన్యాలనూ ఈ పత్రికాముఖంగా ఒక్క విషయం అడుగుతున్నాను. ఏ చట్టమూ దీన్ని ఆపలేదు, ఏ కోర్టూ వద్దనలేదు. మీ ప్రతి బడిలో నోటీసుబోర్డుమీద, ఉత్తీర్ణతశాతం పక్కన, మూడు అంకెలు రాయండి: ఒకటో తరగతిలో మొత్తం పిల్లలు ఎందరు; అందులో ఫీజు లేకుండా చదివేవారు ఎందరు; దళిత, ఆదివాసి, వలసకూలీల పిల్లలు ఎందరు. ఫీజు లేని పిల్లకు వేరే సెక్షను, వేరే గంట, వేరే గేటు లేవని కూడా రాయండి. తపస్సు కాలంలో ఆ తరగతికి పెట్టె పంపేముందు, ఆ పిల్ల కూడా అక్కడ కూర్చుని వుంటుందని గుర్తుంచుకొని, పెట్టెమీద ఏ బొమ్మ అతికించాలో అప్పుడు నిర్ణయించండి.